అరవై రెండు పౌండ్ల బిగువు

మా కొట్లో బంతుల తర్వాత ఎక్కువగా అమ్ముడుపోయేవి మోచేతి పట్టీలు. టెన్నిస్ సామాన్ల కొట్టులో అది మామూలేనని చాలాకాలం అనుకున్నాను. కంపెనీ నుంచి వచ్చే సేల్స్‌మన్ మాత్రం వచ్చినప్పుడల్లా ఆశ్చర్యపోయేవాడు. "చుట్టుపక్కల నాలుగు ఊళ్లు కలిపినా ఇన్ని పట్టీలు పోవండీ. మీ నీళ్లలో ఏదో ఉంది," అనేవాడు. నాన్న మిషను దగ్గర నుంచి తల కూడా ఎత్తకుండా, "మా ఊళ్లో ఆడేవాళ్లు ఎక్కువయ్యా. నొప్పులు ఆడేవాళ్లకి కాక చూసేవాళ్లకి వస్తాయా?" అనేవాడు. ఆ జవాబు విన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది.

ఆడేవాళ్లు ఎక్కువన్న మాట నిజమే. కొట్టు వెనక గోడకి అవతల ఇప్పుడు ఆరు కోర్టులున్నాయి. నా చిన్నప్పుడు రెండే ఉండేవి, అందులో ఒకదాని మీద లారీలు తిప్పుకునేవారు. మిగతా నాలుగూ నాన్న ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి తెప్పించినవి. ఏ గుమాస్తా ఏ పూట మెత్తబడతాడో ఆయనకి కంఠతా వచ్చు. పాత బంతులు సంచుల్లో వేసుకుని బడి బడికీ మోసేవాడు. రాకెట్ కొనలేని పిల్లలకి వాడిన రాకెట్లు బాగుచేసి ఊరికే ఇచ్చేవాడు. ఇచ్చే ముందు ప్రతి రాకెట్‌కీ తనే కొత్త తీగలు బిగించేవాడు. ఆ పనిని మావాళ్లు గట్టింగ్ అంటారు. ఈ ఊళ్లో టెన్నిస్ అనేది ఉందంటే ఆయన చలవేనని అందరూ అంటారు. నాలుగు నెలల క్రితం ఆయన పోయినప్పుడు, పలకరించడానికి వచ్చినవాళ్లతో నేనూ అదే అన్నాను.

ఇదంతా అన్నయ్య పోయాక మొదలైంది. అన్నయ్యకి అప్పుడు పద్దెనిమిదేళ్లు, నాకు పదమూడు. ఊళ్లో చెప్పుకోదగ్గ మొదటి ఆటగాడు వాడే. పదకొండు రోజుల జ్వరం, అంతే. నాన్న నెల రోజులు కొట్టు తెరవలేదు. తెరిచిన రోజు అన్నయ్య రాకెట్‌ని గట్టింగ్ మిషనుకి ఎదురుగా గోడకి తగిలించి, ఇంకెటూ చూడకుండా పనిలో పడ్డాడు. ఆ రోజు నుంచి మిషను మీద ఇంకెవరి చెయ్యీ పడనివ్వలేదు. నేను బంతులూ బూట్లూ చూసుకోవాలి, అమ్మ కౌంటర్‌లో కూర్చోవాలి. మా ముగ్గురి కొట్లో పనుల పంపకం అదీ.

ఆ మిషను ఏమంత బ్రహ్మవిద్య కాదు. రాకెట్‌ని పడుకోబెట్టి బిగించే చట్రం, దాని పక్కన అంకెలు చెక్కిన ఇనప కడ్డీ, కడ్డీకి గుచ్చిన పిడికిలంత దిమ్మ. దిమ్మని ఏ అంకె దగ్గర నిలిపితే తీగని అన్ని పౌండ్ల బిగువుతో లాగుతుంది. ఆటగాడు యాభై అడిగితే దిమ్మని యాభై దగ్గరికి జరపాలి. బిగువు తక్కువైతే రాకెట్ మెత్తగా ఉంటుంది. మరీ ఎక్కువైతే పలకలా బిర్రుగా అయి, బంతి తగిలినప్పుడల్లా ఆ అదురు నేరుగా మోచేతిలోకి వస్తుంది.

పని అయ్యాక నాన్న రాకెట్‌ని చెవి దగ్గర పెట్టుకుని తీగని గోటితో మీటేవాడు. అది టింగుమనగానే గోడ మీద అన్నయ్య రాకెట్ కూడా సన్నగా మూలిగేది. ఎవరూ ముట్టుకోకుండానే. చిన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించేది. నాన్న మాత్రం మొహం విప్పార్చుకుని, "మీ అన్నయ్య సరేనన్నాడు," అని ఆటగాడు అడిగిన అంకె ఒక చీటీ మీద రాసి రాకెట్ పిడికి కట్టేవాడు. అమ్మ ఆ మాట విననట్టే బంతుల డబ్బాలు సర్దుకుంటూ ఉండేది.

గోడకి వేలాడుతున్నా తీగలు ఊరుకోవు. నెమ్మదిగా వదులవుతాయి, ఒక్కోసారి మధ్యాహ్నం ఏమీ లేని వేళ వాటంతటవే టప్పున తెగుతాయి. అన్నయ్య రాకెట్‌కి అలా జరగకూడదని నాన్న ఏడాదికోసారి, వాడు పోయిన రోజున, పాతవి కోసేసి కొత్త తీగలు వేసేవాడు. అది తండ్రి ప్రేమ అనుకున్నాను. ప్రేమ కాదని ఇప్పటికీ అనలేను.

నాన్న పోయిన నెలకి నేను మిషను ముందు కూర్చున్నాను. పిల్లల రాకెట్లు పేరుకుపోయాయి, ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. దిమ్మ అంగుళం కూడా కదలలేదు. తుప్పు పట్టేసింది. "మహానుభావుడు, అన్నీ తుడిచేవాడు గానీ దీన్ని తుడిచిన పాపాన పోలేదు," అని తిట్టుకుంటూ నూనె పోశాను, గుడ్డ చుట్టి సుత్తితో కొట్టాను. మూడో రోజుకి కదిలింది. దిమ్మ ఉన్నచోట కడ్డీ కొత్త ఇనుములా తళతళలాడింది, మిగతా అంతా ఎర్రటి తుప్పు. అప్పటికైనా బుర్ర వెలగాలి. వెలగలేదు. నలభై ఎనిమిది అడిగినవాళ్లకి నలభై ఎనిమిది, యాభై అడిగినవాళ్లకి యాభై వేసుకుంటూ పోయాను. తీగ మీటి గోడ వైపు చూస్తే అన్నయ్య రాకెట్ పలకలేదు. నా చేతికి ఇంకా పనితనం రాలేదనుకుని సరిపెట్టుకున్నాను.

పదిరోజుల తర్వాత ఒక సాయంత్రం అమ్మ మేడ మీద కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఆ కిటికీలోంచి చూస్తే చెట్లు అడ్డుపడి కోర్టులు కొంచెం కొంచెంగా కనిపిస్తాయి, శబ్దాలు మాత్రం అన్నీ వినిపిస్తాయి. నాన్న పోకముందు నుంచీ సాయంత్రాలు ఆమె చోటు అదే. నేను టీ తెచ్చి ఇస్తుంటే, ఏదో కూరలవాడు రాలేదన్నంత మామూలుగా అంది.

"అన్నయ్య రెండో కోర్టులో లేడే ఇవాళ."

"ఎవరమ్మా?"

"అన్నయ్యే. నిన్న కూడా రాలేదు."

టీ నా చేతి మీద ఒలికింది. చెయ్యి తుడుచుకుంటూ, "చల్లారిపోతుంది, తాగు," అన్నాను.

ఆ తర్వాత వారానికో కోర్టు చొప్పున అన్నయ్య వెళ్లిపోతూ వచ్చాడు. మొదటి కోర్టులో లేడంది. నాలుగో దాంట్లో పొద్దున్నపూట ఉండేవాడు, ఇప్పుడు అక్కడా లేడంది. ఇరవై రెండేళ్లుగా రోజూ ఆడుతున్నవాడు మీ నాన్న పోయాక ఎందుకు మానేస్తున్నాడే అని నన్నే నిలదీసింది. నాకు మేడ మెట్లెక్కాలంటేనే భయం పట్టుకుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చెవులూ మతీ అన్నీ పరీక్షించి, "అమ్మగారికి నాకంటే బాగా వినిపిస్తోంది, నాకంటే బాగా గుర్తుంటోంది. మందు రాయాలంటే నాకు రాసుకోవాలి," అన్నాడు. నవ్వలేకపోయాను.

చివరికి ఒక్క ఆరో కోర్టు మిగిలింది. "అయిదింటికి వస్తాడు. అదొక్కటీ చాలు నాకు," అంది అమ్మ.

ఒకరోజు అయిదింటికి నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. బంతి తగిలిన శబ్దం ఆరో కోర్టు నుంచి వచ్చింది. ఠప్పుమని పలక విరిగినట్టు, గట్టిగా, పొడిగా. మిగతా కోర్టుల శబ్దం అలా లేదు. నా చిన్నతనంలో ఇదే గదిలో లెక్కలు చేసుకుంటూ విన్న శబ్దం అది, అన్నయ్య సర్వీసు చేస్తున్నప్పటిది. కిటికీ చువ్వలు పట్టుకుని, కొమ్మల సందుల్లోంచి మెడ సాచి చూశాను. ఆడుతున్నది పిడుగు.

పిడుగు అంటే పదిహేనేళ్ల పిల్ల. తల్లి బట్టలు కుడుతుంది. ఏడేళ్లప్పుడు నాన్న ఊరికే ఇచ్చిన రాకెట్‌తో మొదలుపెట్టి, ఇప్పుడు తన వయసు వాళ్లని ఊపిరి తీసుకోనివ్వకుండా కొడుతోంది. అందుకే ఆ పేరు. ఆ ఆదివారం ఆమెకి జూనియర్ పోటీల ఫైనల్. గెలిస్తే రాజధానిలో శిక్షణ, ఉండటానికి చోటు, చదువు అన్నీ రెండేళ్లపాటు పోటీ పెట్టినవాళ్లే చూస్తారు. ఓడితే మళ్లీ వచ్చే ఏడాది అనడానికి వీల్లేదు, వయసు దాటిపోతుంది.

శనివారం మధ్యాహ్నం పిడుగుని వెంటబెట్టుకుని కోచ్ కొట్లోకి వచ్చాడు. కోచ్ అన్నయ్య స్నేహితుడు, ఇద్దరూ జోడీగా ఆడేవారు. నన్ను చెల్లాయ్ అంటాడు.

"చెల్లాయ్, ఉన్నవాటిలో గట్టి పట్టీ ఇవ్వు. మోచెయ్యి వాచింది దీనికి. రేపు ఒక్కరోజు లాక్కొస్తే చాలు."

"నొప్పేం లేదక్కా, కొంచెమే," అంది పిడుగు. పళ్లు బిగించి చెప్పింది.

రాకెట్ కౌంటర్ మీద పెట్టింది. పిడికి చీటీ ఇంకా ఉంది, నాన్న చేతిరాత. యాభై.

"నాలుగు నెలల నుంచీ గట్టింగ్ చేయించలేదా నువ్వు?"

"తాతగారు ఆఖరిసారి వేసిన తీగలు కదక్కా. తెగేదాకా మార్చను. నాకు కలిసొచ్చాయి. మధ్యలో చెయ్యి నొప్పని మూడు వారాలు ఆడలేదు కూడా, అందుకే ఇంకా తెగలేదు."

అలవాటుగా తీగని గోటితో మీటాను. వెనక గోడ మీద అన్నయ్య రాకెట్ మూలిగింది.

నాలుగు నెలల తర్వాత అదే మొదటిసారి. కోచ్ కూడా తిరిగి చూశాడు. మెల్లిగా మిషను దగ్గరికి వెళ్లి, దిమ్మని కడ్డీ మీద మెరుస్తున్న చోటికి తోశాను. ఆ చోటు దాని ఒంటి కొలతకి కుట్టినట్టు సరిపోయింది. అక్కడి అంకె చదివాను. అరవై రెండు.

దిమ్మ తుప్పు పట్టి ఆగిపోలేదు. ఇరవై రెండేళ్లపాటు ఎవరూ జరపలేదు కాబట్టి చుట్టూ తుప్పు పట్టింది. నాన్న చీటీ మీద యాభై రాశాడు, నలభై ఎనిమిది రాశాడు, ఎవరేది అడిగితే అది రాశాడు. వేసింది మాత్రం ప్రతి రాకెట్‌కీ అరవై రెండు. అన్నయ్య రాకెట్ బదులు పలికేదాకా. ఊరంతా ఆడాలి, ఆడిన ప్రతి దెబ్బా అన్నయ్య కొట్టినట్టు వినపడాలి. అందుకోసం నాలుగు కోర్టులు తెచ్చాడు, సంచులు మోశాడు, ఉచితంగా రాకెట్లు పంచాడు.

నా కుడి మోచెయ్యి గుర్తొచ్చింది. నేనూ ఆడాను. అన్నయ్య పోయాక నా రాకెట్‌కి కూడా నాన్నే తీగలు వేశాడు. పదహారో ఏట పెన్ను పట్టుకోలేని స్థితికి వచ్చి మానేశాను. "అందరికీ రాదులే అమ్మా," అని నా తల నిమిరాడు. ఆ మాట నమ్మి ఇన్నేళ్లు బంతుల డబ్బాల మధ్య బతికాను. ఆ క్షణంలో ఆయన ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

కానీ కోపం కన్నా ముందు ఇంకో ఆలోచన వచ్చింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. ఊళ్లో నాన్న చేతి బిగువు ఉన్న రాకెట్ ఇదొక్కటే. ఈ తీగలు కోస్తే అమ్మకి ఆరో కోర్టు కూడా ఖాళీ అయిపోతుంది. ఒక్క మ్యాచే కదా, పట్టీ వేసుకుని ఆడేస్తుందిలే అనుకున్నాను. పట్టీల డబ్బా మీద చెయ్యి కూడా వేశాను, అచ్చం నాన్నలాగే.

పిడుగు పట్టీ కోసం ఎడం చెయ్యి చాపింది. కుడి చెయ్యి పొట్టకి ఆనించి, ఎవరైనా తగులుతారేమోనని పిల్లని దాచుకున్నట్టు దాచుకుంది. పదహారేళ్లప్పుడు నేనూ అలాగే నిలబడేదాన్ని.

డబ్బా మూసేశాను. "పట్టీ వద్దు. తీగలు కోసేస్తాను," అన్నాను.

"వద్దక్కా! తాతగారివి తీసేస్తే నేను ఓడిపోతాను."

"నీ నొప్పి వాటి వల్లేనే తల్లీ. నువ్వు యాభై అడిగావు. ఆయన అరవై రెండు వేశాడు."

పిడుగుకి అర్థం కాలేదు. కోచ్‌కి అర్థమైంది. కౌంటర్ అంచు పట్టుకున్నాడు.

"ఎంతమందికి చెల్లాయ్?"

"ఆయన చేతిమీదుగా వెళ్లిన అందరికీ."

"నేను నలభై ఎనిమిది అడిగేవాణ్ణి," అన్నాడు నెమ్మదిగా. ఎడం చేత్తో తన మోచెయ్యి నొక్కుకుంటున్నాడు, ఆ సంగతి ఆయనకే తెలియదు. ఇరవై నాలుగో ఏట ఆట మానేసి కోచ్ అయిన మనిషి. రాకెట్‌ని నా వైపు జరిపాడు. "కోసెయ్."

తీగలు కోసేటప్పుడు మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకి రావాలి, లేకపోతే రాకెట్ వంకరపోతుంది. కటింగ్ ప్లయర్‌తో ఒక్కొక్కటీ కోస్తుంటే పిడుగు మొహం తిప్పేసుకుంది. మొదటి తీగ తెగిన శబ్దానికి మేడ మీద కుర్చీ కదిలింది. దిమ్మని యాభైకి కాదు, వాపు చూసి నలభై ఆరుకి జరిపాను. చీటీ మీద కూడా నలభై ఆరే రాశాను.

ఆదివారం పొద్దున్న కొట్టు మూసి మేడ మీదకెళ్లాను. మ్యాచ్ పెట్టింది ఆరో కోర్టులోనే. అమ్మ అప్పటికే కిటికీ దగ్గర ఉంది, తల దువ్వుకుని, శుభ్రమైన చీర కట్టుకుని. కొడుకు మ్యాచ్ చూడ్డానికి తయారైనట్టుంది. నేను పక్కన కూర్చున్నాను. మొదటి సర్వీసు పడింది. మెత్తగా, గుండ్రంగా ఒక శబ్దం. అన్నయ్యది కాదు.

అమ్మ చువ్వల మీదకి ఇంకొంచెం వంగింది. రెండో ఆట అయింది, మూడోది అయింది. నేను తట్టుకోలేకపోయాను.

"వాడు లేడమ్మా. ఇంక రాడు. నేనే నిన్న ఆ తీగలు కోసేశాను."

నాన్న దిమ్మ సంగతి, చీటీల సంగతి, అంతా చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను. నా చెయ్యి సంగతి కూడా చెప్పాను, అరిచినట్టే చెప్పాను. అమ్మ కిటికీలోంచి చూపు తిప్పకుండా విన్నది.

"ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుంటోందా?" అని అడిగింది. "నాకు అంత దూరం ఆనదు."

చూశాను. పిడుగు పాయింటుకీ పాయింటుకీ మధ్య కుడి చేతిని ఊపుకుంటూ నడుస్తోంది, ఊరికే, ఆడుకునే పిల్లలా.

"లేదమ్మా. ఒక్కసారి కూడా పట్టుకోలేదు."

అవతల చప్పట్లు వినిపించాయి, కోచ్ గొంతు వినిపించింది. పిడుగు మొదటి సెట్టు తీసుకుంది.

"వాడికీ నొప్పేనే," అంది అమ్మ.

"ఎవరికి?"

"మీ అన్నయ్యకి. రోజూ ఆడి వచ్చాక వంటింటి తలుపు వెనక కూర్చునేవాడు. నేను వేడి నీళ్ల గుడ్డతో కాపడం పెట్టేదాన్ని. నాన్నకి చెప్పొద్దమ్మా, మెత్తటి తీగలు ముసలాళ్లకి అంటాడు అనేవాడు. అరవై రెండు వాడి లెక్క కాదు. మీ నాన్నదే."

"నాన్నకి ఎప్పుడూ చెప్పలేదా?"

"వాడు పోయాక ఏమని చెప్పను? ఆయన ఆ శబ్దం పట్టుకునే బతికాడు. నేనూ వింటూ కూర్చున్నాను. విన్నంతసేపూ నా కొడుకు ఆడుతున్నాడు అనుకునేదాన్ని. నొప్పితో ఆడుతున్నాడనీ తెలుసు నాకు." ఆమె నా కుడి మోచెయ్యి పట్టుకుంది. "కింద ఒక్కొక్క పట్టీ నా చేత్తోనే ఇచ్చాను. నీ చేతికి కూడా నేనే కాపడం పెట్టాను. అప్పుడైనా నోరు విప్పాల్సింది. నీ దగ్గర విప్పలేదు."

క్షమించాను అనలేదు. ఆమె అడగనూ లేదు. పక్కపక్కనే కూర్చుని మిగతా మ్యాచ్ విన్నాం. రెండో సెట్టు పోయింది, మూడోది పిడుగుది. చివరి పాయింటుకి కోర్టు చుట్టూ పిల్లలు గోలగోలగా అరిచారు. పిడుగు రాకెట్‌ని గాల్లోకి విసిరి, కుడి చేత్తో పట్టుకుంది.

అమ్మ లేచి కొట్లోకి దిగింది. నేను వెనకే వెళ్లాను. మిషను ఎదురుగా స్టూలు వేసుకుని ఎక్కి, ఇరవై రెండేళ్లలో తొలిసారి గోడ మీద రాకెట్‌ని తన చేతుల్లోకి తీసుకుంది. పమిటతో దుమ్ము తుడిచి నా ముందు బల్ల మీద పెట్టింది.

"ఆ పిల్లకి ఎంత వేశావు?"

"నలభై ఆరు."

"వీడికీ అంతే వెయ్యి. ఇంక చాలు, నొప్పి లేకుండా ఆడనీ వాణ్ణి."

అమ్మ రెండు చేతులతో రాకెట్ పిడి పట్టుకుని కూర్చుంది. నేను మధ్య తీగ దగ్గర ప్లయర్ పెట్టి, నొక్కాను.